బాణం గుర్తు

ఫిబ్రవరిలో మా బడికి గాలి యార్డు వైపు నుంచి వస్తుంది.
గుంటూరులో మొదటి పీరియడు హాజరు
తుమ్ములతోనే తీసుకోవచ్చు.
కొత్తగా బిగించిన ప్యానెల్ మీద
ఎవరూ ముట్టకుండానే ఒక్కోసారి గీత పడుతుంది.
మిరప దుమ్ముకి కూడా వేలుందని
నాగుల్ మీరా కనిపెట్టాడు.

బెజవాడలో మూడు రోజులు ట్రైనింగు ఇచ్చారు.
స్లైడ్ల మీద స్లైడ్లు, మధ్యాహ్నం పెరుగన్నం.
గణితాన్ని నిజ జీవితంతో కలపండి అన్నారు.
అవి ఎప్పుడు విడిపోయాయో
ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదో తరగతి. రేఖీయ సమీకరణాలు.
పుస్తకంలో ఒక టాక్సీ ఉంది,
మొదటి కిలోమీటరుకి ఇంత, తర్వాత ప్రతిదానికీ ఇంత.
మా పిల్లలెవరూ టాక్సీ ఎక్కలేదు.
ఆటో ఎక్కినా వెనక చెక్క మీద, మనిషికి పది.
టాక్సీని అక్కడే ఆపేసి
"మీ ఇంట్లో దేనికి లెక్క కడతారు?" అన్నాను.

పూలమూర. పాల చీటీ. కరీమున్నీసా వాళ్ళ కోడిగుడ్ల అట్ట.
సలోమి లేచింది. వాళ్ళ నాన్న యార్డులో ముఠా మనిషి.
"టిక్కీకి ఏడు రూపాయలు, సార్.
రోజుకి రెండొందల ఎనభై మేస్త్రి పట్టుకుంటాడు,
అక్క కాన్పుకి తెచ్చిన అడ్వాన్సు కింద."

తెర మీద రెండు మీటలు పెట్టాను,
వాలుకొకటి, అంతరఖండానికొకటి.
మొదటిదాన్ని ఏడు దగ్గర ఆపింది.
రెండోదాన్ని ఎడమకి లాగుతుంటే
గీత దిగింది, దిగింది,
అక్షం దాటి ఇంకా కిందికి,
చోటు చాలక బొమ్మని నేనే చిన్నది చేయాల్సొచ్చింది.
"పొద్దున్నే సున్నా కూడా లేదు సార్" అంది సలోమి.
"నలభయ్యో టిక్కీకి సున్నా."
టిక్కీ నలభై రెండు కిలోలు.
ఎవడో వెనక నుంచి ట్యాబులో కొట్టి అరిచాడు:
"పదహారు వందల ఎనభై!"
క్విజ్‌లో గెలిచినంత సంబరంగా.

అబద్ధమెందుకు, ఆ రోజు నాకు గర్వంగా ఉంది.
పాఠానికి ప్రాణం వచ్చిందనుకున్నాను.
ఫొటో తీసి గ్రూపులో పెడితే
హెచ్చెమ్ గారు బొటనవేలు పంపారు.

రాత్రి ఆ గీత ట్యాబులో సలోమి ఇంటికి పోయింది.
ఇశ్రాయేలు నీళ్ళు పోసుకొచ్చి
మెడ మంటకి కొబ్బరినూనె రాసుకుంటూ చూశాడట.
సున్నా కింద మొదలైనందుకు ఏమీ అనలేదట,
"తెలిసిందేగా" అన్నాడట.
వేలు మాత్రం పైకి జరిపి, జరిపి, గీత కొసన ఆపి
"ఈ బాణం దేనికే?"
"అట్టా పోతానే ఉంటదని నాన్నా. ఆగదని."
నవ్వాడట, దగ్గు వచ్చేదాకా.
"ఎవరు మోస్తారే?"

ఇది చెప్తూనే సలోమి ప్యానెల్ దగ్గరికి నడిచింది.
బాణాన్ని తుడిచేసింది.
తొంభై ఐదు దగ్గర నల్లచుక్క పెట్టింది,
తెర కదిలేంత గట్టిగా.
"ఇక్కడ నడుం పట్టేస్తది సార్.
సీజన్లో ఐతే నూటపది."

ఇరవై రెండేళ్ళుగా ఆ బాణం గీస్తున్నాను,
సుద్దతో, మార్కరుతో, ఇప్పుడు ఉత్త వేలితో.
ఒక్కనాడూ నా చేయి నొప్పెట్టలేదు.

పరీక్షలో బాణం లేకపోతే అర మార్కు కోస్తారు.
ఆ సంగతి సలోమికి చెప్పాలి.
ఇవాళ కాదు.
అలవాటు కొద్దీ వేళ్ళు దులుపుకున్నాను.
ఈ గదిలో సుద్ద లేక ఏడాది దాటింది,
అయినా ఏదో రాలింది,
ఎర్రగా.